గవ్వలరేవు గాలి

మంగళవారం. మంచు దట్టంగా ఉంది. పొయ్యి బాగానే ఉంది.

నాకు ఊరు గుర్తులేదన్నది అబద్ధం, పెద్దమ్మా. నిన్న అందరి ముందూ అన్నావు కాబట్టి జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఎదురుగా నిలబడి చెబితే నువ్వు గొంతు పెంచుతావు. గొంతు పెంచితే నీకు ఆయాసం వస్తుంది. ఆయాసం వస్తే నీ కూతురు వీరమణక్క నన్ను బయటికి తోస్తుంది. ఈ పని పలక మాత్రం, షెడ్డుకు పెద్దదానివి నువ్వే కాబట్టి, రోజూ చదివి వేలు నొక్కాలి. ఆసుపత్రి వాళ్ల నియమం. చివరిదాకా తెర జరిపితేగాని ఇది వేలు తీసుకోదు, అది నీకూ తెలుసు.

ఊరు వదిలేనాటికి నేను ఆరో తరగతి. గవ్వలరేవులో మన మగ్గాల సందు నాకు బాగా గుర్తుంది. పొద్దున్నే సందు పొడుగునా పడుగు సాగదీసి, అటూ ఇటూ జనం నిలబడి గంజి పట్టించేవాళ్లు. నేను దాని కింద నుంచి దూరి బడికి పోయేవాణ్ని, నెత్తి మీద గంజి చుక్కలు పడేవి. బళ్లో మేష్టారు ఆ మరకలు చూసి నన్ను గంజి సింహాద్రీ అని పిలిచేవారు. ఉప్పుగాలికి తలుపు బందులు ఊడిపోయేవి, ప్రతి ఇంటికీ తలుపు మీద తాడు ఉండేది. అన్నంలో ఇసుక వచ్చేది, ఎవరూ ఊసేవాళ్లు కాదు.

ఇంకొకటి. కొండెక్కిన కొత్తలో నాకు నిద్ర పట్టేది కాదు. సముద్రం చప్పుడు లేదు కదా, చెవుల్లో దూది పెట్టినట్టుండేది. నువ్వు పక్కన కూర్చుని ఇత్తడి పళ్లెంలో బియ్యం పోసి అటొకసారి ఇటొకసారి వంచేదానివి. వచ్చి విరిగి వెనక్కి పోయే అలలాగే ఉండేది. అమ్మ పోయాక నేను దేనికి ఏడిచినా పట్టించుకోని దానివి, దానికి మాత్రం లేచి కూర్చునేదానివి. ఇదంతా గుర్తున్నవాణ్ని పట్టుకుని గుర్తులేదంటావు.

ఇక అసలు సంగతి. నిన్న మన కొసలన్నీ ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాయి. ఒక్కటి కూడా ఉంచుకోలేదు. వెంట్రుకంత గాజు పోగు, దాని కొసన కంటికి ఆనని చిన్న గది, గదికి తలుపులాగా పలుచటి పొర, లోపల గాలి. రక్తం ఆ పొరని నొక్కితే పోగులో వెళ్లిన వెలుగు తిరిగొచ్చే తీరు మారుతుంది. పెట్టె దాన్ని అంకెగా చూపిస్తుంది. ఇంతే మన పని. ఇన్నాళ్లూ ఏ కొసా తిరిగి రాలేదు. ఎందుకంటే గది మూసే పని ఊళ్లోనే అయిపోయింది. నీళ్లు వచ్చేస్తున్నాయని తెలిసి చివరి ఏడాదంతా పెదనాన్న వాళ్లు మూసి మూసి ఒక ట్రంకుపెట్టె నింపారు. ఎనిమిదేళ్లుగా ఆ కొసల్నే తీసి పోగులకి అతికి పంపాం, పరీక్ష ఊళ్లోనే అయిపోయింది కాబట్టి ఇక్కడ మళ్లీ పెట్టెకి పెట్టి చూడలేదు. శ్రావణంలో ట్రంకుపెట్టె అడుగు కనిపించింది. అప్పటినుంచి నేనూ అక్కా మూస్తున్నాం. అవే తిరిగొచ్చాయి.

వచ్చే సోమవారం నీ గుండెకి పని ఉంది. లోపలి తలుపు బిగుసుకుపోయింది, మణికట్టు దగ్గర నుంచి పోగు పంపి, తలుపుకి ఇవతలా అవతలా ఒత్తిడి చూసుకుంటూ కొద్దికొద్దిగా తెరవాలి. అంకె తప్పయితే ఎక్కువ తెరిచేస్తారు. పెద్ద డాక్టరమ్మ వచ్చిన పడవ కొండ కింద ఆసుపత్రి రేవులో ఉండేది సోమవారం దాకానే, తర్వాత మళ్లీ వేసవికే. వేసవి దాకా నువ్వు ఆగలేవని ఆవిడే చెప్పింది. పెదనాన్న మూసిన కొస ఒకటి నీ కుంకుమ భరిణెలో ఉంది. అది వాడదామన్నాను. నేనన్నది అంతే.

"అది వాడేది కాదు," అన్నావు.

"నీ కోసమే కదా."

"నా కోసమైనా సరే. ఒంట్లోకి పోయొచ్చినదాన్ని కాల్చేత్తారు. దాన్లో ఉన్నది గవ్వలరేవు గాలిరా. ఊరు మొత్తంలో మిగిలింది అదొక్కటే. నీకు ఊరు గుర్తుంటే ఆ మాట నోట రాదు. నీకేం గుర్తు, పరుగులు పెట్టడం తప్ప."

నాకు గుర్తుంది. అయినా అడుగుతున్నాను. వేలు నొక్కు.

బుధవారం. మంచు పొద్దెక్కాక విడిచింది. పొయ్యి బాగుంది.

పెద్దమ్మ పలక చదివి, వేలు నొక్కి, నా ముందు పెట్టింది.

"నాతో తగువుంటే నాతో పడు. ఇందులో పని రాయి. ఆసుపత్రోళ్లు చదివితే నవ్విపోతారు."

"వాళ్లెప్పుడు చదివారు పెద్దమ్మా. చదివేది నువ్వొక్కదానివే."

"పళ్లెం సంగతి నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెబుతారు, నేనే విన్నాను."

"నిద్రపోయావనుకునేదాన్ని," అని గోడతో చెప్పినట్టు చెప్పి పొయ్యి వైపు వెళ్లిపోయింది.

కాబట్టి పని రాస్తున్నాను. పొద్దున మంచుని నీళ్లుగా పట్టే వలల కింద తొట్లు నిండాయి, వంపి తెచ్చాను. కప్పు మీద ఎండ కరెంటు పలకలు తుడిచాను. అక్క గాజు కడ్డీ వేడిచేసి పోగు లాగింది. కడ్డీ చివర పట్టుకుని వాకిట్లో వెనక్కి వెనక్కి నడుస్తుంది. ఊళ్లో పడుగు సాగదీసేటప్పుడు నడిచే నడకే అది. ఆవిడ నడుస్తుంటే వాకిట్లో కోళ్లు కూడా పక్కకి తప్పుకుంటాయి. పోగు ఎక్కడా లావెక్కలేదు.

తర్వాత తప్పు ఎక్కడుందో వెతికాం. కొసల్ని మన పెట్టెకి తగిలించి చూస్తే సున్నా. నీళ్ల గొట్టంలో ముంచితే ఎంత లోతుకి ఎంత చూపించాలో అంతే. ఇక్కడ అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆసుపత్రిలో పెట్టెలు చూసే జెకర్యా గారు ఫోన్లో మాత్రం ఒకటే మాట.

"ఆయ్, ఒంట్లోకి పెట్టక్కర్లేదు బాబూ. బల్ల మీద ఉండగానే ఒత్తిడి చూపిత్తన్నాయి. మా బల్లకి బీపీ ఉన్నట్టు."

"ఆ ఎక్కువైందాన్ని తీసేసి చూసుకోండి."

"ఒక్కోటి ఒక్కోలా చెబుతుంది. వెచ్చబడితే ఇంకోలా చెబుతుంది. దాన్ని నమ్మి ఎవరి గుండె తెరవమంటావు, మీ పెద్దమ్మదా?"

ఆ పెట్టెల్లో సున్నా మార్చడం ఎవరికీ రాదు. చేసినవాళ్లు ఇప్పుడు లేరు. తెరిచి చూసిన రెండు పెట్టెలూ మళ్లీ వెలగలేదట.

షెడ్డులో అందరూ తప్పంతా నా చెయ్యి మీద పెట్టారు. బస్సు మీద పని మానేశాడు, బడి మానేశాడు, ఇటుకల బట్టీ మానేశాడు, పొర సగంలో మానేశాడేమో చూడండి అన్నారు. అక్క మూసినవి కూడా తిరిగొచ్చాయంటే, నీ పక్కన కూర్చుంది కదా, అంటుకుందన్నారు. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

నిజానికి ఏదీ మార్చలేదు. మార్పు వస్తుందనే భయంతోనే ఊరంతా మోసుకొచ్చారు. అదే పొయ్యి. అదే సానరాయి. సానకి వాడే సముద్రపు నీళ్లు డ్రమ్ముల్లో లారీ ఎక్కించారు, అవి అయిపోతే ఇప్పటికీ నెలనెలా తెప్పిస్తారు. పెదనాన్న కూర్చునే పీట తెచ్చారు. మేజాబల్ల కింద పోసుకోవడానికి రేవు ఇసుక తెచ్చారు, చెయ్యి వణక్కుండా ఉంటుందని. దీపం పెట్టిన గూడు కూడా గోడతో సహా కోసి తెచ్చారు. ఇంకేం తేవాలి.

సాయంత్రం పెద్దమ్మ భరిణె తీసుకుని వచ్చింది.

"మీ పెదనాన్న చెయ్యేంటో మీకు తెలవాలి. రేపు దీన్ని పెట్టెకి పెడతాను. చూడ్డానికే. చూసి మళ్లీ దాచేత్తాను."

గురువారం. మంచు లేదు. పొయ్యి వెలిగించలేదు.

కొస పెట్టెకి తగిలించాం. అంకె సున్నాకి కిందికి పోయింది.

కొంచెం కాదు, బాగా కిందికి. అక్క తీసి మళ్లీ తగిలించింది. నేను పోగు మొహం తుడిచి తగిలించాను. అదే. పెద్దమ్మ పెదనాన్న పీట మీద కూర్చుని మా చేతుల వంక చూస్తూ ఉంది.

"పొర వదిలేసినట్టుందే అమ్మా," అంది అక్క.

"కారిపోయిందా?"

"ఏమో మరి. ఎనిమిదేళ్లయింది కదా."

పెద్దమ్మ కొసని భరిణెలో పెట్టి మూత పెట్టింది. మూత మీది కుంకుమ కొంగుతో తుడిచింది. తర్వాత మామూలు గొంతుతో, "అయితే ఇందులో ఉన్నది కూడా ఈ కొండ గాలే అన్నమాట," అంది. "ఎప్పుడు పోయిందో కూడా తెలవలేదు. రోజూ దణ్ణం పెట్టుకుంటన్నాను దానికి."

పెదనాన్న ఈ కొండ మీదే పోయారు, వచ్చిన రెండో ఏడు. అప్పుడు కూడా పెద్దమ్మ ఇలా కూర్చోలేదు. అప్పుడు వంటలూ జనాలూ ఉన్నారు, తిట్టడానికి నేను ఉన్నాను. ఇవాళ ఎవర్నీ తిట్టలేదు. మధ్యాహ్నం అన్నం వద్దంది. అక్క బతిమాలితే, "సోమవారం కూడా వద్దులే, వాళ్లకి చెప్పెయ్యండి, కొసే లేనప్పుడు ఇంకెందుకు దిగడం," అంది.

అప్పుడు నేను గట్టిగా మాట్లాడాను. ఏం మాట్లాడానో రాయను. అక్క నన్ను బయటికి తోసింది.

రేపు పొద్దున బస్సుకి కిందికి పోతున్నాను. తిరిగొచ్చిన కొసలు పట్టుకుపోయి జెకర్యా గారి బల్ల మీదే పెట్టి చూపించమంటాను. ఆయన పెట్టెల్లోనే తప్పుందేమో. అక్కడ నాచు పడవలవాళ్లు మనుషుల కోసం చూస్తున్నారని విన్నాను. అది కూడా కనుక్కుంటాను. ఈ మాట చదివి ఎవరైనా తిడతారని రాస్తున్నాను. పెద్దమ్మా, తిట్టు.

శుక్రవారం. సామర్లకోట గట్టు. ఎండ. ఇక్కడ పొయ్యి లేదు.

పెద్దమ్మ తిట్టలేదు. వేలు మాత్రం నొక్కింది, పలక నా వెంట తెచ్చుకున్నాను.

ఘాట్ దిగేటప్పుడు బస్సులో సగం తాగిన నీళ్ల సీసాకి మూత పెట్టి కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. మారేడుమిల్లి దాటాక అది టప్పుమంది. డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఎవరండీ అది, టైరనుకుని చచ్చాను," అన్నాడు. కిందికి వచ్చేసరికి సీసా పక్కలు లోపలికి పోయి, ఎవరో గుప్పిట్లో పిసికినట్టయింది. మూత తీస్తే లోపలికి గాలి పీల్చుకుని మళ్లీ మామూలైంది. బస్సు మీద పని చేసినన్నాళ్లూ ఇలాంటి సీసాలు ఏరి పారేసినవాణ్నే. ఎప్పుడూ చేతిలో పెట్టుకుని చూడలేదు.

ఒళ్లో కొసల డబ్బా ఉంది. చేతిలో సీసా ఉంది. అప్పుడు తట్టింది. కొండ మీద మూత పెట్టాను. కొండ మీద గాలి పల్చన. కిందికి దిగితే బయటి గాలి చిక్కబడి సీసాని నొక్కింది. మరి కొస పొర సంగతేంటి, బల్ల మీద ఉండగానే?

గట్టు దగ్గర బస్సు ఆగకముందే దూకాను. సముద్రం సామర్లకోట దాకా వచ్చి ఆగిన చోట గట్టు కట్టారు, ఆసుపత్రి దాని మీదే. జెకర్యా గారు పెద్దాయన, తెల్లచొక్కా జేబులో ఎప్పుడూ జామకాయ ఉంటుంది. నేను సీసా చూపించి చెప్పాను. ఆయన నా మొహం చూసి, సీసా చూసి, జామకాయ బల్ల మీద పెట్టారు.

"ఉండుండు. మరి పాత కొసలు?"

"అవి ఊళ్లో మూసినవి. సముద్రం పక్కన."

"మా పెట్టెల సున్నా కూడా సముద్రం పక్కదే." ఆయన లేచి గాజు జాడీ తెచ్చారు, గాలి లాగే పంపు ఉన్నది. నా కొస ఒకటి పెట్టెకి తగిలించి జాడీలో పెట్టి కొద్దికొద్దిగా గాలి లాగారు. అంకె దిగుతూ దిగుతూ వచ్చి సున్నా దగ్గర నిలబడింది. పంపు ఆపి జాడీలో గాలి మీటరు చూసి, "మీ కొండెత్తుకి వచ్చింది," అన్నారు. మళ్లీ కూర్చున్నారు. "నేను నెల రోజులుగా జిగురు మీద అనుమానపడుతున్నానయ్యా. మీవాళ్లు సానరాయి కూడా మార్చలేదని చెబితే, ఇంకేం మారుద్దని అడగలేదు."

సముద్రపు నీళ్లు డ్రమ్ముల్లో మోసుకెళ్లిన జనం గాలి సంగతి ఎవరూ తలుచుకోలేదు. గాలి ఎక్కడైనా ఉంటుందిగా.

అప్పుడు ఫోన్ చేశాను. అక్క ఎత్తి పెద్దమ్మకిచ్చింది.

"పెద్దమ్మా, అది కారిపోలేదు."

"ఏది?"

"పెదనాన్న మూసింది. లోపల ఉన్నది రేవు గాలి, చిక్కటిది. కొండ మీద బయట గాలి పల్చన. పొర బయటికి ఉబ్బింది, అందుకే కిందికి చూపించింది. కారిపోయుంటే కొండ గాలి లోపలికి వచ్చి సున్నా చూపించేది. కిందికి చూపించిందంటే, లోపల ఊరి గాలి ఉన్నట్టే."

అవతల ఊపిరి మాత్రం వినిపించింది. ఎక్కువ దూరం నడిచినప్పుడు వచ్చే ఊపిరి.

"నన్ను దింపడానికి చెబుతన్నావా?"

"దిగొచ్చి చూసుకో. ఇక్కడ సున్నా చూపించకపోతే నన్ను నాచు పడవ ఎక్కించు."

"నేను దిగననుకున్నాను ఎప్పటికీ," అంది. తర్వాత, "పడవెక్కుతావంట? ఈత రాదు ఎదవకి," అని పెట్టేసింది.

శనివారం. గట్టు. గాలి విపరీతంగా ఉంది. పొయ్యి చిన్నది, అక్క తెచ్చింది.

అక్క పొద్దున బస్సుకి చిన్న పొయ్యీ, పొరల డబ్బా, సానరాయీ తెచ్చింది. ఆసుపత్రి వెనక గోడ చాటున బల్ల వేసుకుని కొసలు మూస్తున్నాం. సముద్రం గాలికి మంట ఒక చోట నిలవదు. నేను మూసిన వాటిలో చాలావాటికి పొర ముడత పడింది. మధ్యాహ్నానికి చెయ్యి కుదిరింది. ఉప్పు పెదాల మీద పేరుకుంటుంది, నాకు తెలియకుండానే నాకుతున్నాను. అక్క చూసి, "చిన్నప్పుడూ ఇంతే, మేకపిల్లలా," అంది.

జెకర్యా గారు మా కొసల్ని తగిలించి చూశారు. సున్నా. మళ్లీ చూశారు. సున్నా. ఒక కొస మీద మాత్రం జామకాయ రసం పడేసి క్షమించమన్నారు.

కానీ ఇవి సోమవారానికి పనికిరావు. మూసిన కొసని వారం పాటు గోరువెచ్చటి ఉప్పునీళ్లలో ఉంచి, పొర వదలలేదని తేలాకే ఒంట్లోకి పంపాలి. ఆ నియమం పెట్టింది పెదనాన్నే. జెకర్యా గారు డాక్టరమ్మని అడిగొచ్చి తల అడ్డంగా ఊపారు. పడవ ఆగదు, వారమూ తగ్గదు. కాబట్టి సోమవారానికి మంచి కొస అంటే భరిణెలోది ఒక్కటే.

"వస్తుందా?" అని అక్కని అడిగాను.

"బట్టలు సర్దింది. ఎందుకు సర్దానే అని మళ్లీ తీసింది. నేనొచ్చేటప్పటికి సగం సంచిలో, సగం మంచం మీద ఉన్నాయి."

నాచు పడవలు ఒడ్డుకి వచ్చాయి, వాటి మీద కుర్రాళ్లు పాటలు పాడుకుంటూ తాళ్లు విసురుకుంటున్నారు. చూస్తూ కూర్చోవడానికి బాగుంది. కొసలు ఇక నుంచి ఈ గట్టు మీదే మూయాలి కదా, ఎవరో ఒకరు ఇక్కడ ఉండాలి. నేను ఉంటానని అక్కకి చెప్పాను. నువ్వా, ఒకే చోటా అంది. ఒకే చోట ఎక్కడ, పొద్దున కెరటం ఇక్కడుంటే సాయంత్రానికి అక్కడుంటుంది అన్నాను.

ఆదివారం. గట్టు. గాలి తగ్గింది.

పెద్దమ్మ వచ్చింది. బస్సు దిగి చాలాసేపు వెనక్కి తిరిగి కొండల వైపే చూస్తూ నిలబడింది. ఎనిమిదేళ్లుగా ఆ కొండల్ని తిట్టిన మనిషి. నేను భుజం పట్టుకుని తిప్పాను.

నీళ్లు. గవ్వలరేవు ఎటువైపో చెబుదామని చెయ్యెత్తాను గానీ ఆవిడే ముందు చూపించింది. "అదిగో, ఆ నాచు పడవల అవతల. ఇంకా చాలా దూరం. ఇంకా అవతల." కళ్లు చికిలించి, "ఏమీ లేదు కదా," అంది. తర్వాత ముక్కుతో గాలి పీల్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఎండుచేపల బల్లలు చూస్తున్నట్టు నటించాను.

లోపల జెకర్యా గారికి భరిణె తన చేత్తోనే తెరిచి ఇచ్చింది. కుంకుమ అంటుకున్న కొసని ఆయన దూదితో తుడిచి, స్పిరిట్‌లో ముంచి, పెట్టెకి తగిలించారు. నేను అంకె వంక చూడలేకపోయాను. అక్క చూసింది.

"సున్నా అమ్మా."

పెద్దమ్మ ముందుకి వంగి చూసింది. చదవడం రాని మనిషిలా వేలు పెట్టి చూసింది. సున్నా కదలకుండా ఉంది. కాసేపటికి ఆవిడ మొహం ఊళ్లో ఉన్నప్పటి మొహం అయింది. అంటే, ఎవరో ఆలస్యంగా ఇంటికొస్తే తిట్టడానికి సిద్ధంగా ఉండే మొహం.

"మరి దీన్ని వాడితే కాల్చేత్తారు కదండీ," అంది జెకర్యా గారితో.

"కాల్చాలమ్మా. రక్తంలోకి పోయొచ్చింది ఉంచకూడదు. మీ ఆయనే ఒప్పుకోడు, ఆయన రాసిన రూలేగా."

"కాలిత్తే గాజు కరుగుద్ది. లోపల గాలి ఏమైపోద్ది?"

జెకర్యా గారు చేతిలో దూది పక్కన పెట్టారు. "గాలిలోకే పోద్దమ్మా."

"ఈ రేవు గాల్లోకా?"

"మరెక్కడికి పోద్ది. పొయ్యి ఆ వెనకాలే, గట్టు చివర."

ఆవిడ కిటికీ వైపు చూసింది. బయట ఎవరో చేపలు కడిగిన నీళ్లు పారబోశారు, కాకులు అరుచుకుంటున్నాయి.

"అయితే పర్లేదు," అంది. "భరిణెలో ఉండి మాత్రం ఏం చూత్తాది."

సోమవారం. గట్టు. గాలి లేదు.

పొద్దున నుంచీ పని లేదు, కూర్చుని రాస్తున్నాను. మొన్న మూసిన కొసలు ఉప్పునీళ్లలో ఉన్నాయి, రెండుసార్లు నీళ్లు వెచ్చబెట్టాను.

పెద్దమ్మకి నీలం చొక్కా తొడిగారు. మణికట్టు మీద పసుపు మందు రాశారు. చేతులకి గాజుల్లేక ఒకదాన్ని ఒకటి పట్టుకుని కూర్చుంది. అక్క జడ అల్లుతుంటే నొప్పి అంటోంది, వదులుగా అల్లితే ఊడిపోద్ది అంటోంది. భయపడుతోందని నాకు తెలుసు. భయపడితే పెద్దమ్మ ఇతరుల పనిలో తప్పులు వెతుకుతుంది. నీళ్లు ఎక్కువ వెచ్చబెట్టకురా అని నాకు నాలుగుసార్లు చెప్పింది.

డాక్టరమ్మ వచ్చి ఎలా చేస్తారో చెప్పింది. చిన్న వయసే. మత్తు పూర్తిగా ఇవ్వరు, పెద్దమ్మకి అన్నీ తెలుస్తూ ఉంటాయి. పోగు గుండెలోకి చేరాక షెడ్డు మనిషి ఎవరైనా పెట్టె పక్కన నిలబడి అంకె పైకి చదవాలి, అది ఇక్కడ అలవాటు. ఎవరి కొస అయితే వాళ్లే మాట ఇవ్వాలని. డాక్టరమ్మ చేతుల మీంచి చూపు తిప్పదు, చెవితోనే వింటుంది. పెదనాన్న బతికున్నప్పుడు ఆయనే వచ్చి చదివేవారట, లోపల పడుకున్నవాళ్లు బెదిరిపోకుండా మెల్లగా. ఇవాళ నేను చదవాలి.

"వీడి గొంతు బస్సు గొంతండీ," అంది పెద్దమ్మ. "అంకె చెబుతాడో, స్టాపు పేరు చెబుతాడో."

డాక్టరమ్మ నవ్వింది. అక్క నవ్వలేదు, జడ చివర పట్టుకునే ఉంది.

"పెద్దమ్మా," అన్నాను. "పెదనాన్న కొస. తప్పు చెప్పదు."

"తప్పు చెప్పడని నాకు తెలుసు. కాపరం చేసినన్నాళ్లూ నా గుండెలో ఏముందని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు ఆ మనిషి. పోనీ, ఇప్పుడెళ్లి చూసుకోమను."

అప్పుడు అక్క నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ. మంచం తోసుకుంటూ తలుపులోకి తీసుకెళ్లారు. పెద్దమ్మ తల తిప్పి చూడలేదు, చెయ్యి మాత్రం పైకెత్తి వేళ్లు కదిపింది. పడుగు దగ్గర ఇక లాగండి అని సైగ చేసేది అలాగే.

మెల్లగా చదవడం ఎలాగో ఇందాక నుంచీ లోలోపల చెప్పుకుని చూస్తున్నాను. ఏదైనా చదువుకోవాలని బడిలో ఎప్పుడూ ఇంత

జెకర్యా గారు తలుపులోంచి పిలుస్తున్నారు. పోగు లోపలికి వెళ్లిందట. వెళ్లాలి.